గెలవని టీమ్‌కు జెర్సీ: కడపలో ఒక ప్రింటింగ్ షాపు అనుభవం

మా అల్లుడు ఉండేది అమెరికాలో, క్లీవ్‌ల్యాండ్‌లో. అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ బ్రౌన్స్ అంటే పిచ్చి. సంక్రాంతికి వస్తాన్నాడని జెర్సీ ఒకటి చేయించి పెడదామని ఏడురోడ్ల దగ్గర టీషర్టులు ప్రింట్ చేసే షాపుకు పోయినా. పేరు రాయను, చిన్న షాపు.

"లోగో వాట్సాప్ చేయండి సార్" అన్నాడు కంప్యూటర్ ముందున్న పిల్లోడు. లేదన్నా. నిజంగానే ఆ టీమ్ హెల్మెట్ మీద ఏ బొమ్మా ఉండదు, ఉత్త నారింజ రంగే.

"వీపు మీద నంబరు?"

"0-16."

"అదేం నంబరు?"

"2017లో 16 ఆటలు ఆడి అన్నీ ఓడిపోయినారు నాయనా."

మౌస్ వదిలేసి నా వైపు తిరిగినాడు. "ఒక్కటన్నా గెలవల్యా? అట్లాంటోళ్లకు చొక్కా ఎందుకు సార్?"

ఇంక చెప్పక తప్పలేదు. ఆఖరాట పిట్స్‌బర్గ్‌లో. 28-24తో వెనకబడి ఉన్నారు, మిగిలింది ఒకే ప్రయత్నం. బ్రౌన్స్ ఆటగాడు కైజర్ బంతి విసిరితే అదే టీమ్ కోల్‌మన్ చేతుల్లోకే వచ్చింది, వచ్చి జారిపోయింది. వారం తిరక్కముందే, 2018 జనవరి 6న, ఎముకలు కొరికే చలిలో అభిమానులు స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో ఊరేగినారు. అందులో మా అల్లుడూ ఉన్నాడు. పిల్లోడు అంతా విని, నేను చెప్పకుండానే సున్నాను 16 కన్నా పెద్దది చేసినాడు. ఆ తెలివికే ఒక మార్కు ఎక్కువ.

గుడ్డ మెత్తగా, పలచగా బాగుంది. కాఫీపొడి రంగు అడిగితే ముందు మెరూన్ అంటగట్టబోయినాడు. ఒప్పుకోకపోతే ప్రొద్దుటూరు నుంచి తెప్పించినాడు, రెండు రోజులు పట్టింది. చేతుల మీది నారింజ చారలు మాత్రం కాషాయంలో పడినాయి. "ఎలక్షన్ టీషర్టా?" అనింది మా ఆవిడ. మొత్తం 480 రూపాయలు.

అసలు తంటా ఉతికినాక. మిషన్‌లో ఒక్కసారి వేస్తే ఒకటి అంకె ఊడిపోయి 0-6 మిగిలింది. "మామా, పది ఓటములు కొట్టేసినారే" అని అల్లుడు ఒకటే నవ్వు. తీసుకపోయి చూపిస్తే పైసా అడక్కుండా పది నిమిషాల్లో మళ్లీ అతికించి ఇచ్చినాడు.

5కి 3.5 ఇస్తా. తిరగేసి చేత్తోనే ఉతకండి. బిల్లు అడిగితేనే ఇస్తారు. బండి పెట్టుకునేదానికి జాగా లేదు.