సెకండ్‌హ్యాండ్ ఈఎల్‌టీ కొనేవాళ్లకి హెచ్చరిక: పచ్చ లైటు చూసి డబ్బు కట్టేయకండి

హోమ్‌బిల్ట్ విమానం కట్టుకునేవాళ్ల కోసమే అన్నట్టు ఒక రకం ప్రకటన తరచూ కనిపిస్తోంది. "406 ఈఎల్‌టీ, పూర్తి సెట్, సెల్ఫ్ టెస్ట్ పాస్, బిగించుకోవడమే తరువాయి" అని. ఈఎల్‌టీ అంటే విమానం కూలినప్పుడు దానంతటదే ఆపద సిగ్నల్ పంపే పెట్టె; 406 అంటే అది ఉపగ్రహాలకి పలికే ఫ్రీక్వెన్సీ, మెగాహెర్ట్జ్‌లలో. పక్కనే లైటు పచ్చగా వెలిగే చిన్న వీడియో. అలా తెప్పించిన సెట్టు విప్పితే బయటపడ్డవి ఇవి: ఇంకో విమానం కోడ్, గడువు దగ్గరపడ్డ బ్యాటరీ, ట్రేకి బదులు వెల్క్రో పట్టీ, పాత 121.5 మెగాహెర్ట్జ్ కాలం నాటి యాంటెన్నా. సెల్ఫ్ టెస్ట్ మాత్రం నిజంగానే పాసయింది. చిక్కంతా అక్కడే ఉంది.

సెల్ఫ్ టెస్ట్ చూసేది పెట్టె లోపలి సంగతి: ట్రాన్స్‌మిటర్ పలుకుతోందా, పవర్ వస్తోందా అని. కొన్ని మోడళ్లు యాంటెన్నా లోడ్ కూడా చూస్తాయి. ఆ సిగ్నల్ ఎవరి పేరున వెళ్తోందో మాత్రం ఏ లైటూ చెప్పదు. 406 మెగాహెర్ట్జ్ యూనిట్ దాదాపు 50 సెకన్లకోసారి, సుమారు 5 వాట్లతో, అర సెకను పాటు ఒక డిజిటల్ సందేశం పంపుతుంది. యూనిట్‌ని గుర్తించే 15 అక్షరాల హెక్స్ కోడ్ అందులోదే. దేశం కోడ్ కూడా ఆ కోడ్‌లోనే ఇమిడి ఉంటుంది: 366 అయితే అమెరికా, 316 అయితే కెనడా. కోడ్ మార్పించకుండా బిగిస్తే, ప్రమాదం జరిగిన రోజు రక్షణ కేంద్రం ఫోన్ చేసేది పాత యజమానికి. ఆయన తన విమానం హ్యాంగర్‌లోనే ఉందని చెప్తాడు. అక్కడ ఎంత సమయం పోతుందో ఊహించుకోండి.

అందుకే డబ్బు కట్టేముందు లేబుల్ ఫొటో అడగండి, హెక్స్ కోడ్ అక్షరం అక్షరం కనిపించాలి. ఈ సిగ్నళ్లని వినే ఉపగ్రహ వ్యవస్థ కోస్పాస్-సార్‌శాట్ వాళ్ల డీకోడర్‌లో వేస్తే దేశం, ప్రోటోకాల్ (కోడ్ రాసిన పద్ధతి), చాలాసార్లు విమానాన్ని గుర్తించే 24 బిట్ అడ్రస్ కూడా తెలిసిపోతాయి. కోడ్ మార్చడానికి ఆ మోడల్‌కి తయారీదారు ఒప్పుకున్న షాపు ఇంకా ఉందో లేదో కూడా కనుక్కోండి. లేకపోతే అది ఇనుప సామాను లెక్క. మార్పించాక మీ దేశపు బీకన్ రిజిస్ట్రీలో మీ పేరు, ఫోన్ నంబరు నమోదు చేయించాలి, పాత యజమాని తన నమోదు తీసేయాలి.

121.5 మాత్రమే ఉన్న యూనిట్‌ని "ఇదీ ఈఎల్‌టీయే" అని అంటగట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఉపగ్రహాలు ఆ ఫ్రీక్వెన్సీని వినడం 2009 ఫిబ్రవరి 1నే మానేశాయి. 406 యూనిట్లలో అది దగ్గరికొచ్చిన వెతుకులాట బృందానికి దారి చూపడానికి మాత్రమే.

బ్యాటరీ మీద రెండు తేదీలు చూడాలి: తయారైనది, మార్చాల్సినది. అమెరికా నిబంధన 91.207 ప్రకారం మొత్తం కలిపి గంటకు మించి వాడినా, ఉపయోగ కాలంలో సగం గడిచినా మార్చాల్సిందే. లిథియం ప్యాక్ కొత్తది చవక కాదు, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. మామూలు సెల్స్ పేర్చి అతికించిన ప్యాక్ కనిపిస్తే బేరం ఆపేయండి.

ఇక బిగింపు. ఎక్కువ సెట్లు దెబ్బతినేది ఇక్కడే. వెల్క్రో పట్టీ కాలం గడిచేకొద్దీ సాగుతుంది. గట్టి దెబ్బకి యూనిట్ ట్రేలోంచి జారిపోతుంది, కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) తెగుతుంది, సిగ్నల్ పెట్టెలోనే ఉండిపోతుంది. 2012లో వచ్చిన అమెరికా ప్రమాణం టీఎస్‌ఓ సీ126బీ ఈ పట్టీల్ని ఒప్పుకోవడం మానేసింది కాబట్టి లోహపు పట్టీ ఉన్న అసలు ట్రేనే అడగండి. ట్రే బిగించిన చోట ఎటు ఎక్కువ ఊగుతుందో అటువైపు 45 కిలోల బలంతో లాగి చూడండి. పక్క స్ట్రక్చర్‌తో పోలిస్తే కదలిక 2.5 మి.మీ. దాటకూడదు. రెండు రిబ్‌ల (చట్రపు పక్కటెముకల) మధ్య ఉత్త 0.8 మి.మీ. రేకు మీద బోల్టు వేస్తే ఆ పరీక్ష నిలవదు. రిబ్ నుంచి రిబ్‌కి అడ్డంగా చానెల్ వేసి దాని మీద బిగించాలి. పెట్టె మీది బాణం ముక్కువైపు చూడాలి. తిప్పి పెడితే జీ స్విచ్‌కి (గుద్దుకున్న కుదుపుకి యూనిట్‌ని మోగించే స్విచ్) అసలు దెబ్బ తెలియకపోవచ్చు.

ఇంకో చిన్న సంగతి. కొన్ని మోడళ్లలో ప్లగ్‌లోని రెండు పిన్నుల మధ్య జంపర్ వైరు ఉంటేనే జీ స్విచ్ పనిచేస్తుంది. యూనిట్‌ని బయటికి తీసి మోసుకెళ్తున్నప్పుడు మోగకుండా పెట్టిన ఏర్పాటు అది. పాత విమానం నుంచి హార్నెస్ (వైర్ల కట్ట) కత్తిరించి పంపితే ఆ జంపర్ అక్కడే ఉండిపోతుంది. మీ మాన్యువల్ తెరిచి, మీటర్ బీప్‌తో ఆ రెండు పిన్నులూ కలుస్తున్నాయో లేదో చూడండి. రిమోట్ స్విచ్ కేబుల్ అచ్చం ఫోన్ వైరులా ఉన్నా, మామూలు ఫోన్ వైరు చాలాసార్లు రెండు చివర్లలో తారుమారుగా ఉంటుంది. పిన్ను పిన్నూ సరిచూడాలి.

యాంటెన్నా 406 కోసం చేసిందే కావాలి. ఫైబర్‌గ్లాస్, గుడ్డ, చెక్క విమానాలకి కింద గ్రౌండ్ ప్లేన్ (యాంటెన్నాకి నేలలా పనిచేసే లోహపు పరుపు) తప్పదు: రాగి రేకు పట్టీలు కనీసం నాలుగు, ఒక్కోటి సుమారు 60 సెం.మీ., యాంటెన్నా బేస్‌తో కరెంటు పరంగా కలిసేలా. 121.5 తరంగంలో పావు వంతు పొడవది. కార్బన్ ఫ్యూజిలాజ్ లోపల యాంటెన్నా దాచడం దండగ, సిగ్నల్ బయటికి రాదు. సెట్‌తో వచ్చే ఆర్‌జీ-58 కేబుల్ తీసేసి ఆర్‌జీ-400 వేయండి, మంటల్లో ఎక్కువసేపు నిలుస్తుంది. తోక విరిగే జాయింటుకి ఒకవైపు పెట్టె, మరోవైపు యాంటెన్నా ఉండేలా మాత్రం పెట్టకండి.

"నచ్చకపోతే తిరిగి పంపండి" అన్న హామీని నమ్ముకోవద్దు. లిథియం బ్యాటరీ విమానంలో వెళ్లేటప్పుడు ప్రమాదకర సరుకు, యూనిట్‌తో కలిపి పంపితే దాని ప్రమాద సరుకు నంబరు యూఎన్ 3091. మామూలు కొరియర్ కౌంటర్లో తీసుకోరు. పంపించే ఖర్చు ఎవరిదో, ఎలా పంపాలో అమ్మేవాడితో ముందే రాతలో తేల్చుకోండి, పార్శిల్ వచ్చిన రోజే హెక్స్ కోడ్ డీకోడ్ చేయండి.