పందిరి వేయాలా, మడులు కట్టాలా?

ఏటా మృగశిర కార్తె రాగానే ఒకటే ప్రశ్న. ఇంటి ముందు రెండు మూడు సెంట్ల ఖాళీ జాగా ఉంది, చూడముచ్చటగా ఉండాలి, వంటకూ పనికిరావాలి, తీగపాదులకు పందిరి వేయమంటారా, మడులు కట్టి కూరమొక్కలు పెట్టమంటారా అని. అడిగేది నరసన్నపేట వాళ్లో, బొబ్బిలి వాళ్లో, మా విజయనగరం వాళ్లో. విత్తనం ఎలా నాటాలో, ఎరువు ఎంత వేయాలో వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. రెంటిలో ఒకటి తేల్చితే చాలు.

అందం ఒక్కటే చూస్తే పందిరికి సాటి లేదు. కాకర పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి. బీర సాయంత్రం పసుపుపచ్చగా పూస్తుంది. సొర, పొట్ల పూలు చీకటి పడే వేళకు తెల్లగా తేలుతాయి. పొట్ల పిందె వంకర పోకుండా చివర చిన్న రాయి కట్టి వదిలితే కాయలన్నీ నిట్టనిలువుగా దిగుతాయి. ఇంటికి వచ్చినవాళ్లు తల వంచి వాటి మధ్య నుంచే గుమ్మం ఎక్కాలి. డబ్బు పోసి కొన్న క్రోటన్లతో ఏ వాకిలికీ ఈ కళ రాదు.

మడులను మాత్రం కూర్చుకోవాలి. గోడ వారగా వెడల్పాటి చేమ ఆకులు, వాటి ముందు వంగ, బెండ, ఆ ముందు ఎర్ర తోటకూర ఒక పట్టీ, పచ్చ తోటకూర ఒక పట్టీ, అంచున బంతి. బంతి కంటికి నిండుగా ఉండటమే కాదు, వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులను కూడా తగ్గిస్తుంది. బెండకు, వంగకు ఆ పొరుగు అవసరం. మూలన రెండు గోగు మొక్కలను కోయకుండా వదిలేయండి. నార కోసం చేలల్లో వేసే మొక్కే కదా అని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు గాని, మనిషెత్తు పెరిగి, లేత పసుపు రేకుల నడుమ ముదురు ఎరుపు మచ్చతో పూసినప్పుడు దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు. మడి వెడల్పు నాలుగు అడుగులు దాటనివ్వకండి. రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి, కాలు లోపల పడకూడదు.

ఇంతవరకూ పందిరిదే పైచేయి. అయితే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ లెక్క తేలేది జూన్‌లో కాదు, అక్టోబరులో. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, అన్నీ తుపాన్లే. ఉద్దానం కొబ్బరి, జీడితోటల గతి ఏమైందో గుర్తున్నవాళ్లకు వెదురు పందిరి గురించి వేరే చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ వారానికే పందిరి నిండుగా అల్లుకుని, వాన నీటితో బరువెక్కి ఉంటుంది. ఆకు లేని పందిరి గుండా గాలి దూసుకుపోతుంది. ఆకు కమ్మిన పందిరిని తెరచాపలా పట్టుకుని లేపేస్తుంది.

ఇంటి చాటున వేస్తే సరిపోదా అంటారు. ఏ వైపు చాటున? తుపాను కేంద్రం మనకు దక్షిణంగా తీరం దాటితే గాలి తూర్పు వైపు నుంచి కొడుతుంది, ఉత్తరంగా దాటితే పడమటి నుంచి. హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది, తిత్లీ పలాస వైపు దాటింది. మొదటిదానికి విజయనగరంలో కాపాడే గోడ, రెండోదానికి శ్రీకాకుళం పట్నంలో కాపాడదు.

పడిపోవడం కన్నా నేను ఎక్కువగా చూసేది, పడ్డాక మళ్లీ ఎన్నాళ్లకు కూర చేతికొస్తుందన్నది. చిక్కుడునే తీసుకోండి. పగటి పొద్దు తగ్గితే గాని పూతకు రాని మొక్క అది. వానలకు విత్తి, తీగ సాగనిచ్చి, కార్తీకం నుంచి కోసుకోవాలి. దసరా వెళ్లాక తీగ పోయిందంటే, మళ్లీ విత్తినా బారెడు సాగకముందే పూతకొస్తుంది, కాపు పిడికెడు. ఆ ఏటికి చిక్కుడు లేనట్టే. అదే మడిలో తోటకూర, మెంతికూర చల్లితే నెల తిరిగేలోపే కోతకొస్తాయి. చేమ, కంద, పసుపు ఆకు చిరిగినా దుంప నేలలో భద్రంగా ఉంటుంది.

మడికి గాలితో పేచీ లేదు గాని నీటితో ఉంది. నీళ్లు నిలిస్తే మిరప రెండు రోజుల్లో వడలిపోతుంది. అందుకని వానాకాలానికి మడిని జానెడు ఎత్తు కట్టి, చుట్టూ చిన్న కాలువ తీసి, నీళ్లు వీధి కాలువలోకి పోయేలా వాలు ఇవ్వాలి. ఎండాకాలం అదే మడిని పల్లంగా మార్చుకోవాలి, పోసిన నీళ్లు వేళ్ల దగ్గరే ఆగడానికి. ఏడాదికి రెండుసార్లు పార పట్టే ఓపిక లేనివాళ్లు ఈ పనికి దిగకపోవడమే మంచిది.

ఈ ఏడు నేను ముంగిట మడులే కట్టాను. పందిరి మీద మమకారం చావక పెరటి వైపు దొండకు మాత్రం చిన్నది ఉంచాను. దొండను విత్తనంతో పని లేకుండా తీగ ముక్క గుచ్చి పెంచుతాం. పైన అంతా పోయినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేశారని వినగానే కత్తితో తీగను మూరెడు మొదలు వరకూ కోసేయవచ్చు. బీరకు, సొరకు ఆ వెసులుబాటు లేదు.

కుండీల సంగతి కూడా అడుగుతున్నారు. మేడ మీద తప్ప చోటు లేనివాళ్లకు సరే. వేసవిలో రెండు పూటలా నీళ్లు పోయాలి, గాలి వచ్చే ముందు అన్నీ లోపలికి మోయాలి. పుదీనా, కొత్తిమీర వరకు బాగుంటుంది. ఇక చెట్ల విషయానికొస్తే, అరటి పడినా పిలకలతో లేస్తుంది, బొప్పాయిని నమ్మలేం. మునగ కొమ్మ పెళుసు, కాబట్టి కరెంటు తీగలకు దూరంగా పెట్టి, కాపు అయ్యాక ఏటా నడుమెత్తుకు నరికేయండి.

ఎవరేమన్నా ముంగిట పొట్లపాదు ఉండి తీరాలనుకునేవాళ్లు ఆరడుగుల ఎత్తు దాటకుండా, సరుగుడు కర్రలను రెండడుగుల లోతు పాతి వేసుకోండి. పైన తడికకు బదులు కొబ్బరి తాళ్లు అల్లండి. తుపాను కబురు వచ్చిన రోజు నాలుగు ముళ్లు కోస్తే తీగతో సహా నేలకు దించేయవచ్చు.