ఇరాక్‌లో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగమంటే డబ్బు కట్టేశారా? కట్టకపోతే ముందు ఇది చదవండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఎంఏ ఇంగ్లీషో బీఈడీయో చేసి, ప్రైవేటు స్కూళ్ళలో ఇరవై వేలకు గొంతు చించుకుంటున్న వాళ్ళ కోసం రాస్తున్నాను. నేనూ ఆ బాపతే. "ఇరాక్, లిబియా, యెమెన్ దేశాలకు ఇంగ్లీష్ టీచర్లు కావలెను, నెలకు లక్షన్నర, ట్రైనింగ్ మేమే ఇస్తాం" అన్న పాంప్లెట్ మీ చేతికి కూడా వచ్చి ఉంటే కాస్త ఆగండి. నేను ఆగలేదు. 92,000 రూపాయలు పోయాయి. అందులో 40,000 మా అమ్మ గాజులు కుదువ పెట్టి తెచ్చినవి.

ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఏసీ గది, గోడకు పెద్ద ప్రపంచ పటం, టై కట్టుకున్న పెద్దమనిషి. ఆయన మాటల్లో నన్ను పడేసింది ఒక్కటే. "సామీ, కొరియా, దుబాయ్ అంటే పోటీ ఎక్కువ. గొడవలున్న దేశాలకు తెల్లోళ్ళు రారు. అందుకే అక్కడ మనోళ్ళను కళ్ళకద్దుకుంటారు, రూల్స్ కూడా పెద్దగా చూడరు." కొరియా సంగతి కొంతవరకు నిజమే. అక్కడ ఇంగ్లీష్ టీచర్ల వీసా ప్రధానంగా ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న ఏడు దేశాల వాళ్ళకే ఇస్తారు. ఆ ఒక్క ముక్క నాకు ముందే తెలుసు కాబట్టి మిగతావీ నమ్మేశాను.

కోర్సు పేరు "హై రిస్క్ జోన్ టెఫెల్ స్పెషలిస్ట్". టెఫెల్ అంటే ఇంగ్లీషును విదేశీ భాషగా నేర్పడం. పేరు బరువుగానే ఉంది కానీ మొత్తం కలిపి నాలుగు ఆదివారాలు. స్లైడ్లు చూపించి చదివించారు, మధ్యలో సమోసా, టీ. ఒక్కసారి కూడా మమ్మల్ని పిల్లల ముందు నిలబెట్టలేదు. టెఫెల్ అనేది ఎవరి సొత్తూ కాదని, ఆ పేరుతో ఎవరైనా సర్టిఫికెట్ అచ్చేసుకోవచ్చని నాకు తర్వాత గానీ తెలియలేదు. ఇంగ్లీష్ టీచర్లకు పేరున్న సర్టిఫికెట్లు, కేంబ్రిడ్జ్ వాళ్ళ సెల్టా గానీ, ట్రినిటీ వాళ్ళ సెర్ట్ టీసాల్ గానీ తీసుకుంటే కనీసం 120 గంటల శిక్షణ ఉంటుంది. అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు మనం పాఠం చెప్పాలి, వెనక కూర్చుని ట్రైనర్ తప్పులు రాసుకుంటారు. మా సర్టిఫికెట్ మీద "లెవెల్ 5, యూకే" అని బంగారు రంగులో ఉంది. ఇంగ్లండ్‌లో అర్హతలను నియంత్రించే ఆఫ్‌క్వాల్ సంస్థ రిజిస్టర్‌ను ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. నేను వెతికాను. అలాంటి కోర్సే లేదు.

ప్రమాదకర ప్రాంతాలకు వెళ్ళేవాళ్ళకు శిక్షణ అనేది అసలు లేదా అంటే ఉంది. హీట్ అంటారు. జర్నలిస్టులు, సహాయ సంస్థల వాళ్ళు తీసుకుంటారు. గాయమైతే రక్తం ఎలా ఆపాలి, చెక్‌పోస్టు దగ్గర ఎలా మసలుకోవాలి, ఎవరైనా ఎత్తుకెళ్తే ఏం చేయాలి, ఇవన్నీ చేయించి నేర్పుతారు. ఖర్చు సాధారణంగా పంపించే సంస్థే పెట్టుకుంటుంది. మాకు చెప్పిన భద్రతా పాఠం ఏమిటంటే "రాత్రిళ్ళు బయట తిరగొద్దు". అది మా అమ్మ రోజూ ఫ్రీగా చెప్తుంది.

కోర్సు అవ్వగానే అటెస్టేషన్ కోసమని ఒరిజినల్ డిగ్రీ, పాస్‌పోర్ట్ తీసుకున్నారు. తర్వాత ఇరాక్‌లోని అర్బిల్‌లో ఏదో స్కూలు పేరుతో ఆఫర్ లెటర్ వచ్చింది. జీమెయిల్ నుంచి వచ్చింది, కింద సంతకం లేదు. వీసా మాత్రం విజిట్ వీసా. "అక్కడ దిగాక మారుస్తారు సార్, టెన్షన్ పడొద్దు" అన్నారు. కువైట్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న మా పీలేరు బావకు ఫోన్ చేసి చెప్పాను. "ఒరే, విజిట్ వీసా మీద పోయి పని చేస్తే దొంగవు నువ్వే అవుతావు, వాడు కాదు. జీతం ఇయ్యకపోతే యాడ చెప్పుకుంటావు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

మనలాంటి డిగ్రీ వాళ్ళం ఇంకో చోట కూడా బోల్తా పడతాం. పదో తరగతి పాసవని వాళ్ళు ఇరాక్, లిబియా, కువైట్ లాంటి దేశాలకు పనికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, అప్పుడు ఒప్పందం కాగితాలు అధికారులు చూస్తారు. మనది ఈసీఎన్ఆర్ పాస్‌పోర్ట్, అంటే ఆ క్లియరెన్స్ అక్కర్లేనిది, కాబట్టి ఆ చూసేవాళ్ళు ఉండరు. "మీ పాస్‌పోర్ట్‌ను ఎవరూ ఆపరు సార్" అని ఆ టై కట్టుకున్న పెద్దమనిషి గొప్పగా చెప్పింది ఇదే. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు విదేశాంగ శాఖ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంట్ల జాబితా ఉంది. రిజిస్టర్డ్ ఏజెంటు సర్వీస్ ఛార్జీగా తీసుకోగలిగేది గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. మా వాళ్ళు జాబితాలో లేరు. అదేమని అడిగితే "మాది ట్రైనింగ్ సెంటర్, ఏజెన్సీ కాదు" అన్నారు. మరి ఆఫర్ లెటర్ ఎవరిచ్చినట్టు?

పాంప్లెట్‌లో యెమెన్ పేరు చూసిన రోజే నాకు అనుమానం రావాల్సింది. 2017లోనే మన ప్రభుత్వం యెమెన్ ప్రయాణాన్ని నిషేధించింది. ఇన్సూరెన్స్ అని చేతిలో పెట్టిన కాగితం కూడా మామూలు ట్రావెల్ పాలసీయే. యుద్ధం, అంతర్యుద్ధం, అల్లర్ల వల్ల జరిగిన నష్టానికి వర్తించదని అందులోనే చిన్న అక్షరాల్లో ఉంది.

2015 జూలైలో లిబియాలోని సిర్తె యూనివర్సిటీలో పనిచేసే నలుగురు భారతీయులను ఎత్తుకెళ్ళారు. ఇద్దరు కొద్ది రోజులకే బయటపడ్డారు. మిగిలిన ఇద్దరూ మన తెలుగువాళ్ళైన అధ్యాపకులే, 2016 సెప్టెంబర్ దాకా వాళ్ళకు విడుదల లేదు. యూనివర్సిటీ ఉద్యోగం ఉన్నవాళ్ళకే అంత జరిగింది. వాళ్ళ కోసం ఎంబసీని అడగడానికి కనీసం ఒక యూనివర్సిటీ పేరుంది. విజిట్ వీసా మీద, ఉందో లేదో తెలియని స్కూలుకు వెళ్ళే నా కోసం మా అమ్మ ఎవరి పేరు చెప్పి అడుగుతుంది?

పాస్‌పోర్ట్, డిగ్రీ తిరిగి తెచ్చుకోవడానికి పదకొండు సార్లు తిరిగాను. చివరికి బావ తమ్ముడు పక్కన వచ్చి నిలబడితే ఇచ్చారు. డబ్బులో 15,000 వెనక్కి వచ్చాయి. మిగతాది "కోర్సు ఫీజు, రీఫండ్ లేదు" అంటున్నారు. రశీదుల మీద ట్రైనింగ్ అని మాత్రమే రాశారు, ఉద్యోగం మాట ఎక్కడా లేదు. ఉద్యోగం సంగతంతా వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లలోనే ఉంది. నేను వాటిని డిలీట్ చేయలేదు, అదే నన్ను కాపాడుతోంది.

మా బ్యాచ్‌లో మొత్తం పద్నాలుగు మందిమి. ఫిర్యాదులో ఇప్పటికి ఆరుగురం సంతకం పెట్టాం. మిగతా వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే రశీదులు, ఆ వాయిస్ మెసేజ్‌లు పట్టుకుని వచ్చే ఆదివారం లోపు నాకు ఫోన్ చేయండి. నంబర్ మన బ్యాచ్ గ్రూప్‌లో ఉంది. గ్రూప్ అడ్మిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ మనిషే, కాబట్టి అందులో మాత్రం మెసేజ్ పెట్టకండి.