స్టీరింగ్ మార్చాలంటే ఏది మేలు: టాప్ మోడల్‌దా, స్పోర్ట్స్ చక్రమా, పాత బండిదా?

గత నెల మా చిన్న కారుకు స్టీరింగ్ మార్చాను. బేస్ మోడల్ కావడంతో దానికి పాటల మీటలు లేవు. ఐదేళ్ల ఎండకు చక్రం పైపూత కరిగి చేతికి అంటుకునేది. మార్చానని తెలిసినప్పటి నుంచి ఆఫీసులోనూ, చుట్టాల ఇళ్లలోనూ, చివరికి పెళ్లి భోజనాల దగ్గరా ఒకటే ప్రశ్న. అదే కారు టాప్ మోడల్ స్టీరింగ్ వేయించాలా, బయట దొరికే స్పోర్ట్స్ చక్రమా, దెబ్బతిన్న బండి నుంచి తీసిన సెట్టు చాలా? అడిగేవారంతా ధర గురించీ, తోలు గురించీ, చేతి పట్టు గురించీ మాట్లాడుతున్నారు. చక్రం నడుమ ఉన్న ఎయిర్‌బ్యాగ్‌కు తీగ ఎలా వెళుతుందని మాత్రం ఒక్కరూ అడగలేదు. నా లెక్క అంతా అక్కడే తేలుతుంది. ఏ దారిలో ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్లే ఆ పసుపు తీగను ఒక్కచోట కూడా కోయనక్కర్లేదో ఆ దారి మేలు. మిగతావన్నీ దాని తర్వాతే.

మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. కాబట్టి ఆ తర్వాత తయారైన కారైతే, ఎంత చవక మోడల్ అయినా చక్రంలో ఆ సంచి ఉండి తీరుతుంది. దాన్ని పేల్చేది లోపలున్న చిన్న నిప్పుగొట్టం. దాని రెసిస్టెన్స్ సుమారు రెండు మూడు ఓమ్‌లే. కారు నడుస్తున్నంతసేపూ ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ అతిస్వల్పమైన కరెంటు పంపి ఆ దారి సవ్యంగా ఉందో లేదో చూసుకుంటూ ఉంటుంది. ఢీకొన్నప్పుడు ఒకటిన్నర ఆంపియర్‌కు అటూ ఇటూగా కరెంటు రెండు మిల్లీసెకన్లపాటు అందితే చాలు, గొట్టం రాజుకుంటుంది. సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోగా సంచి నిండిపోతుంది.

రెండు ఓమ్‌ల దారిలో అర ఓమ్ తేడా అంటే చిన్న తేడా కాదు. తీగను కోసి, మెలిపెట్టి, నల్లటేపు చుట్టిన అతుకు మొదటిరోజు బాగానే పనిచేస్తుంది. కానీ మన రోహిణి కార్తెలో, అద్దాలు మూసి నిలిపిన కారులో వేడికి ఆ టేపు జిగురు కారిపోతుంది. ఆపైన వానాకాలం తేమ చేరి రాగి నల్లబడుతుంది. మూడో ఏడాది ఎప్పుడో గుంతల రోడ్డు మీద డాష్‌బోర్డులోని ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక ఎర్రదీపం వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. చాలా కార్లలో ఆ దీపం వెలిగి ఉన్నప్పుడు డ్రైవరు సంచి ఒక్కటే కాదు, పక్కసీటు సంచి, సీటు బెల్టును బిగించే యంత్రం కూడా పనిచేస్తాయన్న హామీ ఉండదు. అందుకే చాలా కంపెనీలు ఈ తీగలను అతకవద్దని, పాడైతే ఆ తీగల కట్టనే మార్చమని తమ పుస్తకాల్లో రాస్తాయి.

ఆ పసుపు తీగను సంచికి తగిలించే కప్లర్‌లో ఇంకో రక్షణ కూడా ఉంది. కప్లర్ ఊడదీయగానే లోపలి చిన్న లోహపు రేకు రెండు పిన్నులనూ కలిపేస్తుంది. మన ఒంటి మీది స్థిరవిద్యుత్తు తగిలినా గొట్టం రాజుకోకుండా ఆ రేకే కాపాడుతుంది. కప్లర్ కోసి పారేసి తీగలు నేరుగా కలిపితే ఆ కాపలా పోయినట్లే. కాస్త పొడవు చాలలేదనో, కప్లర్ ఆకారం వేరుగా ఉందనో నిమిషంలో కటింగ్ ప్లయర్ అందుకునే చేతులను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

ఇప్పుడు మొదటి దారి. అదే కారు, అదే తరం, టాప్ మోడల్ స్టీరింగ్. నేను ఎంచుకున్నది ఇదే. ఇందులో మెలిక చక్రం వెనకాల ఉండే క్లాక్ స్ప్రింగ్ దగ్గర ఉంది. కొందరు మెకానిక్‌లు దీన్నే స్పైరల్ కేబుల్ అంటారు. చక్రం తిరుగుతున్నా తీగ తెగకుండా, గడియారం స్ప్రింగులా చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండే చదునైన పట్టీ అది. బేస్ మోడల్‌లో చాలాసార్లు హారన్‌కూ ఎయిర్‌బ్యాగ్‌కూ మాత్రమే దారి ఉంటుంది, పాటల మీటలకు ఉండదు. అంటే కొత్త చక్రంతో పాటు టాప్ మోడల్ క్లాక్ స్ప్రింగ్ కూడా కొనాలి, కొన్ని కార్లలో అక్కడి నుంచి స్టీరియో దాకా అదనపు తీగ లాగాలి. ఖర్చు పెరిగేది ఇక్కడే. దుకాణాల్లో కొందరు ఈ ఖర్చు తప్పిస్తామని పాత క్లాక్ స్ప్రింగ్‌నే ఉంచి, హారన్ తీగనో ఎయిర్‌బ్యాగ్ తీగనో పంచుకునేలా అతుకు వేస్తామంటారు. ఆ మాట వినగానే బండి తాళం తీసుకుని వచ్చేయండి.

టాప్ మోడల్‌దే అయినా సంచి సరిపోతుందని ముందే అనుకోకూడదు. కొన్ని కార్లలో సంచి ఒకే దశలో పేలుతుంది, దానికి రెండు తీగలు. కొన్నింటిలో రెండు దశలు, నాలుగు తీగలు. ఒకే దశ కంప్యూటర్ ఉన్న కారుకు రెండు దశల సంచి తగిలిస్తే, రెండో గొట్టం ఏ తీగా లేకుండా మిగిలిపోతుంది. ప్రమాదం జరిగినా సంచి నిండుగా ఉబ్బదు. పైగా పేలకుండా మిగిలిన ఆ రెండో గొట్టం బండి తుక్కుకు వెళ్లేదాకా ప్రాణంతోనే ఉంటుంది. రెండింటినీ కలిపి ఒకే జత తీగలకు కడితే రెసిస్టెన్స్ సగానికి పడిపోయి కంప్యూటర్ తప్పు పడుతుంది. నా కారు విషయంలో రెండు మోడళ్ల సంచి విడిభాగం నంబరు ఒకటే. అందుకే కొత్తగా కొన్నది చక్రం, క్లాక్ స్ప్రింగ్ మాత్రమే. నా పాత సంచిని, దాని సొంత కప్లర్‌తో, కొత్త చక్రంలో కూర్చోబెట్టాం. నంబరు చూడకుండా డబ్బు చెల్లించవద్దు.

క్లాక్ స్ప్రింగ్‌ను నడిమికి తేవడం ఈ పనిలో కీలకం. కారు ముందు టైర్లు రెండూ తిన్నగా ఉండాలి. కొత్త స్ప్రింగుకు తాళపు పిన్నో అతికించిన చీటీనో ఉంటుంది, అమర్చేదాకా దాన్ని తీయకూడదు. అది ఊడిపోయి ఉంటే స్ప్రింగును ఒకవైపు ఆగేదాకా మెల్లగా తిప్పి, పుస్తకం చెప్పినన్ని చుట్లు వెనక్కి తిప్పి, బాణం గుర్తులు కలపాలి. ఎన్ని చుట్లన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. ఒక చుట్టు తేడా వచ్చినా బండి రోడ్డెక్కుతుంది, వారంపాటు ఏమీ కాదు. ఇరుకు సందులో చక్రం చివరిదాకా తిప్పిన రోజున పట్టీ పుటుక్కుమంటుంది. హారన్, పాటల మీటలు, ఎయిర్‌బ్యాగ్ ఒకేసారి పోయాయంటే కారణం సాధారణంగా ఇదే.

రెండో దారి, స్పోర్ట్స్ చక్రం. చూడటానికి బాగుంటుంది, పట్టు కూడా బాగుంటుంది, అది ఒప్పుకుంటాను. అయితే బజారులో దొరికే వాటిలో చాలావాటికి ఎయిర్‌బ్యాగ్ పెట్టే చోటే ఉండదు. సంచి తీసేస్తే దీపం వెలుగుతుంది కాబట్టి, దాని స్థానంలో రెండు ఓమ్‌ల చిల్లర రెసిస్టర్ కడతారు. కంప్యూటర్ సంచి ఉందనుకుంటుంది. మా పిన్ని కొడుకు సరిగ్గా ఇదే చేయించుకుని వచ్చి, "అన్నయ్యా, లైటు ఆరిపోయింది కదా, ఇంకేం కావాలి?" అన్నాడు. వాడికి మూడేళ్ల కూతురుంది. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతాను. సీటు బెల్టు ఉంది కదా, సంచి లేకపోతే మునుపటి కార్లలాగే కదా అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సంచి ఉన్న కార్లలో చాలావాటి బెల్టులు ఛాతీ ఎముకలు విరగకుండా, ఒత్తిడి ఒక హద్దు దాటగానే కొంచెం కొంచెంగా వదులవుతాయి. శరీరం ముందుకు వస్తుంది, అక్కడ నిండిన సంచి దాన్ని అందుకుంటుంది. బెల్టూ సంచీ కలిసి వేసిన లెక్క అది. సంచి తీసేసి ఆ బెల్టునే ఉంచితే, బెల్టు తన పనిగా వదులవుతుంది, తల వెళ్లి చక్రపు ఇనుప మధ్యభాగానికి తగులుతుంది. రేసు ట్రాకు కారులో స్పోర్ట్స్ చక్రం నప్పుతుంది, ఎందుకంటే అక్కడ భుజాలనూ నడుమునూ కట్టేసే పట్టీలు, హెల్మెట్, ఇనుప పంజరం ఉంటాయి. మనం పిల్లల్ని బడిలో దింపే కారులో అవేవీ లేవు.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా, అనుమతి లేని మార్పు చేయకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చు. మావాడు జరిమానా మాటకు కదలలేదు, బెల్టు మాటకు కదిలాడు. వారంలో పాత చక్రం మళ్లీ ఎక్కించుకున్నాడు.

మూడో దారి, పాత బండి సెట్టు. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా పాత విడిభాగాల అంగళ్లలో చక్రం, సంచి, క్లాక్ స్ప్రింగ్ కలిపి కొత్తదాని ధరలో కొంతకే దొరుకుతాయి. చక్రం ఒక్కటే కొనుక్కుని, షాఫ్టు మీద కూర్చునే రంధ్రంలోని పళ్లు అరగలేదని చూసుకుని, మన సంచిని అందులో పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. పాత సంచి దగ్గరే ఆగిపోతాను. అది వరదనీట నానిందో, ఏళ్లతరబడి రేకుల షెడ్డులో ఉడికిందో, ఒకసారి పేలాక మళ్లీ మడిచి మూత అతికించారో బయటి నుంచి కనిపెట్టలేం. మీటరు పెట్టి పరీక్షించడానికి కూడా లేదు, మీటరు కరెంటే దాన్ని పేల్చవచ్చని పుస్తకాలన్నీ హెచ్చరిస్తాయి. వేడి, తేమ ఏం చేయగలవో జపాన్ కంపెనీ తకాటా చేసిన సంచులు ప్రపంచానికి చూపాయి. వాటిలోని అమోనియం నైట్రేట్ కాలక్రమంలో చెడి, పేలినప్పుడు ఇనుప గొట్టమే ముక్కలై జనం మీదికి దూసుకువచ్చింది. మన దేశంలోనూ హోండా వంటి కంపెనీలు కార్లను వెనక్కి పిలిచి వాటిని మార్చాయి. కాబట్టి పాత కారైతే, మీ సొంత సంచిని కొత్త చక్రంలోకి మార్చేముందు కూడా ఛాసిస్ నంబరు చెప్పి షోరూములో కనుక్కోండి. ఇక నకిలీల సంగతి. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2024 జూలైలో బజారులో దొరికే నాసిరకం ఇన్‌ఫ్లేటర్ల (సంచిని నింపే గొట్టాల) గురించి ప్రజలను హెచ్చరించింది. అప్పటికి తొమ్మిది నెలల్లోనే వాటివల్ల ముగ్గురు చనిపోయారు.

నాలుగోది, ఉన్న చక్రానికి తోలు కుట్టించడం. తీగ జోలికి పోనక్కర్లేదు, ఖర్చు తక్కువ, పాటల మీటలు అక్కర్లేనివారికి నిస్సందేహంగా ఇదే చాలు. మధ్యమూత మీద మాత్రం తోలు గానీ, బొమ్మ గానీ, రాళ్ల అలంకారం గానీ అంటించవద్దు. సంచి చీల్చుకుని వచ్చే మూత అదే.

సంచి లేకుండా అమ్మిన 2019 ముందటి కారుకు సంచి ఉన్న చక్రం వేస్తే రక్షణ రాదు. కంప్యూటర్, సెన్సర్లు, తీగలు ఏవీ లేవు కాబట్టి ఆ ఆలోచన అక్కడితో వదిలేయాలి.

పని చేయించేటప్పుడు పక్కనే నిలబడండి. బ్యాటరీ నెగెటివ్ తీసిన వెంటనే చక్రం మీద చేయి వేయనివ్వకండి, కంప్యూటర్‌లో దాచిన విద్యుత్తు హరించుకుపోవాలి. టొయోటా పుస్తకాల్లో 90 సెకన్లు, హోండా పుస్తకాల్లో 3 నిమిషాలు ఉంటుంది. మేం పది నిమిషాలు ఆగాం. తీసిన సంచిని మూత పైకి ఉండేలా బల్ల మీద పెట్టాలి, మోసేటప్పుడు మూత ఒంటికి అవతలివైపు ఉండాలి. కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ ల్యాంపును పసుపు తీగల దగ్గరికి రానివ్వకూడదు. 21 వాట్ల బల్బు ఉంటే దానిలోంచి 1.75 ఆంపియర్లు పారుతుంది, సంచిని పేల్చడానికి అది చాలు. చక్రం ఊడదీసేముందు షాఫ్టు మీద గుర్తు పెట్టాలి. నట్టు పూర్తిగా విప్పకుండా నాలుగు మరచుట్లు మిగిల్చి చక్రాన్ని లాగాలి, లేకపోతే చక్రం ఒక్కసారిగా ఊడి ముఖానికి తగులుతుంది. బిగించేటప్పుడు టార్క్ రెంచి (కొలిచినంత బలంతోనే బిగించే పానా) తప్పనిసరి. సంచి కప్లర్ తిరిగి కలిసేదాకా ఎవరూ ఇగ్నిషన్ తాళం తిప్పకూడదు, తిప్పితే తప్పు నమోదై స్కానర్‌తో చెరిపించుకోవాల్సి వస్తుంది.

మా కారుకు అన్నీ బిగించాక, కిటికీలోంచి చేయి మాత్రమే పెట్టి తాళం తిప్పాడు మెకానిక్. ఎర్రదీపం వెలిగింది, ఆరు సెకన్లకు ఆరింది. అసలు వెలగకుండా ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు, ఎందుకంటే దీపం బల్బు తీసేసి గానీ, దాని తీగను ఇంజిన్ ఆయిల్ హెచ్చరిక దీపానికి కలిపి గానీ లోపాన్ని దాచిన బండ్లను నేను చూశాను. తర్వాత చక్రాన్ని ఎడమ చివరి నుంచి కుడి చివరిదాకా మూడుసార్లు తిప్పుతూ ప్రతి చుట్టులోనూ హారన్ కొట్టించాను. ప్రతిసారీ మోగింది.