మ్యాక్‌బుక్ ఎయిరా, ఓఎల్ఈడీ విండోసా? సినిమాలకూ చిన్నపాటి ఫొటో పనికీ ఏది మేలు

తేలికైన ల్యాప్‌టాప్ కొందామనుకునేవాళ్లు ముందు ప్రాసెసర్ దగ్గర ఆగిపోతారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఫొటో పని చేసేవాళ్లకు అంతకంటే ముందు తేలాల్సింది వేరే ఉంది: దిద్దిన ఫొటో చివరికి ఎక్కడికి పోతుంది? ఫోన్లోకీ ఇన్‌స్టాగ్రామ్‌లోకీ పోతే ఒక లెక్క. పెన్‌డ్రైవ్ ఎక్కి ఆల్బమ్ ల్యాబుకో ఫ్లెక్సీ షాపుకో పోతే ఇంకో లెక్క.

ఇక్కడ పోల్చేవి రెండు. ఒకటి 2025 మార్చిలో 99,900 రూపాయల ధరతో వచ్చిన ఎం4 ప్రాసెసర్ ఉన్న 13 అంగుళాల ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్. రెండోది 14 అంగుళాల ఓఎల్ఈడీ తెర ఉన్న పల్చటి విండోస్ యంత్రం. దీనికి ఇంటెల్ కోర్ అల్ట్రా ప్రాసెసర్‌తో వచ్చిన ఆసుస్ జెన్‌బుక్ 14ను నమూనాగా తీసుకుందాం. ఎయిర్ 1.24 కిలోలు, జెన్‌బుక్ మోడల్‌ను బట్టి 1.2 నుంచి 1.3 కిలోల మధ్య. బరువులో తగువు లేదు.

చవగ్గా దొరికే 15.6 అంగుళాల వాటిని ముందే పక్కన పెట్టేయవచ్చు. వాటిలో చాలా తెరలు 45% ఎన్‌టీఎస్‌సీ (రంగుల కొలత), 250 నిట్స్ (వెలుగు కొలత) రకం. అంటే ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పరిధిలో మూడింట రెండొంతులే చూపిస్తాయి. పెళ్లికూతురి కుంకుమ ఇటుక రంగులో కనబడుతుంది. బాగుచేద్దామని శాచురేషన్ (రంగుల గాఢత) పెంచుతారు. అదే ఫొటో మంచి ఫోన్లో తెరిస్తే ముఖమంతా ఎర్రగా కందిపోయినట్టుంటుంది. సినిమా చూసుకోవడానికి పర్లేదు గానీ ఫొటోకి వద్దు.

సినిమా దగ్గర గెలుపు ఓఎల్ఈడీదే. ప్రతి చుక్కా విడిగా వెలిగి విడిగా ఆరుతుంది కాబట్టి చీకటి సీన్లో నలుపు నిజంగా నలుపే. ఎయిర్‌ది ఎల్‌సీడీ. దీపం ఆర్పేసిన గదిలో చూస్తే నలుపు కొంచెం బూడిదబారుతుంది. స్పీకర్లు మాత్రం ఎయిర్‌వే మెరుగు, నాలుగున్నాయి.

ఫొటో దిద్దేటప్పుడు అదే ఓఎల్ఈడీ జాగ్రత్తగా లేకపోతే ముంచుతుంది. దాని తెర ఎస్ఆర్‌జీబీ కంటే విశాలమైన పీ3 రంగులన్నీ చూపగలదు. విండోస్‌లో చాలా ప్రోగ్రాములు రంగుల ప్రొఫైల్‌ను (ఫొటోలో రంగులు ఎలా చూపాలో చెప్పే సమాచారాన్ని) పట్టించుకోవు. అందుకని అరసవల్లి గుడి దగ్గర తీసిన పసుపు చీర తెరమీద ధగధగలాడుతుంది, ల్యాబు నుంచి ప్రింటు వచ్చేసరికి వెలిసిపోయినట్టుంటుంది. ల్యాబు తప్పేం లేదు, వాళ్లు సాధారణంగా తీసుకునేది ఎస్ఆర్‌జీబీ జేపెగ్. జెన్‌బుక్‌లో మైఆసుస్ యాప్ తెరిచి, డిస్‌ప్లే భాగంలో కలర్ గామట్‌ను (రంగుల పరిధిని) ‘నేటివ్’ నుంచి ‘ఎస్ఆర్‌జీబీ’కి మార్చాలి. విండోస్ సెట్టింగ్స్‌లో వెలుగునీడల తేడా పెంచి చూపే హెచ్‌డీఆర్ ఆపాలి. సినిమా వేళకి మళ్లీ తిప్పుకోవచ్చు. మ్యాక్‌లో ఈ తిప్పలు తక్కువ. రంగుల సర్దుబాటు సిస్టమే చూసుకుంటుంది, గది వెలుగును బట్టి రంగులు మార్చే ట్రూ టోన్, రాత్రివేళ తెరను పసుపుబార్చే నైట్ షిఫ్ట్ ఆపితే చాలు.

‘ప్రింట్లు నల్లగా వస్తున్నాయి’ అన్న ఫిర్యాదుకి మాత్రం రెండింటిలోనూ కారణం ఒకటే, తెర వెలుగు పూర్తిగా పెంచి దిద్దడం. ఎయిర్ 500 నిట్స్ దాకా వెళ్తుంది. ప్రింటుకి పంపే ఫొటోని 100 నుంచి 120 నిట్స్ దగ్గర దిద్దాలి. కొలిచే పరికరం లేకపోతే గదిలో మామూలు లైటు వేసి, తెరమీద ఖాళీ తెల్లపేజీ తెరిచి, పక్కన తెల్ల కాగితం పెట్టండి. రెండూ దాదాపు ఒకే వెలుగులో కనిపించేదాకా తగ్గించండి.

ర్యామ్ సంగతి లెక్కేసి చూస్తేనే అర్థమవుతుంది. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల లెక్కన) 3600×10800 పిక్సెళ్లు. షీటంతా నిండిన ఒక్కో లేయరు (ఒకదానిమీద ఒకటి పేర్చే పొర) దాదాపు 117 ఎంబీ. బ్యాక్‌గ్రౌండు, పూలు, నీడలు, పది పదిహేను ఫొటోలు పేర్చేసరికి ఫైలు ఒకటి రెండు జీబీలు దాటడం మామూలే. 8 జీబీ ర్యామ్ ఉంటే ఫొటోషాప్ డిస్కుమీద రాసుకోవడం మొదలెట్టి నత్తనడక నడుస్తుంది. 16 జీబీకి తగ్గకండి. రెండు యంత్రాల్లోనూ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేరు. ఎం1 ఎయిర్ పాతది చవగ్గా వస్తోందని 8 జీబీది తీసుకునేవాళ్లు ముఖ్యంగా ఇది చూసుకోవాలి.

స్టోరేజీలో తేడా ఉంది. 24 మెగాపిక్సెళ్ల రా ఫైలు (కెమెరా ఇచ్చే ముడి ఫొటో) 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. ఒక పెళ్లికి 2,000 తీస్తే 50 నుంచి 60 జీబీ. ఎం4 ఎయిర్ మొదటి రకంలో ఉన్నది 256 జీబీయే, మార్చడానికి వీల్లేదు. జెన్‌బుక్‌లో ఎం.2 ఎస్ఎస్‌డీ (స్టోరేజీ ముక్క) విప్పి పెద్దది వేయించుకోవచ్చు. ఎయిర్ తీసుకుంటే బయటి ఎస్ఎస్‌డీ ఖర్చు ధరలోనే కలుపుకోండి.

అసలు చిక్కు ఇక్కడే. స్టూడియోలు, ల్యాబులు వాడే హార్డ్‌డిస్కులు ఎక్కువగా విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌వి. మ్యాక్ వాటిని చదువుతుంది గానీ వాటిమీద రాయదు. అర్జంటు పని వేళ ఫైలు కాపీ అవ్వట్లేదని కంగారుపడి డిస్కును ఫార్మాట్ కొట్టారంటే అందులో ఉన్నదంతా పోతుంది. మీ సొంత డిస్కును మొదటిరోజే, ఖాళీగా ఉన్నప్పుడే, మ్యాక్, విండోస్ రెండూ రాయగల ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోవాలి. ఇక తెలుగు అక్షరాలు. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, ఆల్బమ్ కవర్లు ఇప్పటికీ అను ఫాంట్లమీద నడుస్తున్నాయి. వాటితో టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ కోసం చేసినది. ఆ పని మీ చేతిమీదుగా జరిగేటట్టయితే మ్యాక్ ఆలోచన మానుకోవచ్చు. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ బాగా ఇస్తాయి గానీ పాత ప్రింటర్ల డ్రైవర్లు వాటిలో ఎక్కకపోవచ్చు, ఇంటెల్‌దే నయం.

కెమెరా కార్డు గుచ్చే చోటు రెండింటికీ లేదు. జెన్‌బుక్‌కి హెచ్‌డీఎంఐ, పాత పెన్‌డ్రైవ్ పట్టే యూఎస్‌బీ ఉన్నాయి. ఎయిర్‌కి టైప్-సీ రెండే. కార్డ్ రీడర్ యూఎస్‌బీ 3ది తీసుకోండి: 64 జీబీ కార్డు పన్నెండు పదమూడు నిమిషాల్లో దిగుతుంది, యూఎస్‌బీ 2 రీడర్ అయితే అరగంట.

కరెంటు విషయంలో ఎయిర్‌ది పైచేయి. 53.8 వాట్-అవర్ల బ్యాటరీతోనే ఎక్కువసేపు వస్తుంది, జెన్‌బుక్‌లో 75 వాట్-అవర్లది పెట్టాల్సి వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి చోట్లకు 20,000 ఎంఏహెచ్, కనీసం 45 వాట్ల పీడీ (టైప్-సీ ద్వారా ల్యాప్‌టాప్‌నూ నింపగల) పవర్‌బ్యాంక్ ఒకటి పెట్టుకోవాలి. నష్టాలు పోను ఎయిర్‌ను దాదాపు ఒకసారి నింపుతుంది, జెన్‌బుక్‌ను ముప్పాతిక పైచిలుకు. ఫోనుకి వాడే 10 వాట్లది పనికిరాదు. లోహపు బాడీమీద చెయ్యి రాస్తే జుమ్మంటోందంటే ల్యాప్‌టాప్ పాడైనట్టు కాదు, రెండు పిన్నుల చార్జర్‌కి ఎర్త్ లేదు. ఎర్త్ ఉన్న ప్లగ్గులో మూడు పిన్నుల కేబుల్ వాడితే పోతుంది.

ఎయిర్‌కి ఫ్యాన్ లేదు. దుమ్ము లోపలికి లాగదు, చప్పుడు లేదు. కానీ మే నెల ఎండల్లో వందల రా ఫైళ్లు ఒకేసారి ఎక్స్‌పోర్ట్ పెడితే కొంతసేపటికి వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. పరుపుమీద కాకుండా బల్లమీద పెట్టాలి. ఫ్యాన్ ఉన్నదాన్ని ఏడాదికోసారి శుభ్రం చేయించాలి.

రిపేరు వస్తే ఎక్కడికి మోసుకెళ్లాలో కొనేముందే అడగండి. విశాఖకే వెళ్లాల్సి వస్తే విజయనగరం నుంచి 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110 దాకా. ఒకసారి ఇచ్చి రావడం, ఒకసారి తెచ్చుకోవడం.

మా ఓటు: ఆల్బమ్, ఫ్లెక్సీ, తెలుగు అక్షరాల పని ఉంటే ఓఎల్ఈడీ విండోస్, 16 జీబీతో. తేలినీలాపురం కొంగల ఫొటోలు దిద్దుకుని, బస్సులో సినిమా చూసుకుని, రోజంతా ప్లగ్గు వెతక్కుండా తిరగాలంటే ఎయిర్.

జెన్‌బుక్ పేరుతో 1920×1200 తెర ఉన్నవీ 2880×1800వీ రెండూ అమ్ముతారు, బిల్లు కొట్టించేముందు మోడల్ నంబరు చూసుకోండి. షాపుకి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మీరు తీసిన మూడు ఫొటోలు పట్టుకెళ్లండి: పొందూరు ఖద్దరు పంచె, పసుపు కుంకుమలు, రాత్రి తీసిన జాతర. ఎయిర్ చూడాలంటే టైప్-సీ మార్పిడి ముక్క కూడా కావాలి. ఖద్దరు మడతల్లో నీడలు విడివిడిగా కనబడాలి, తెలుపంతా ఒక్క ముద్దలా ఉంటే వెలుగు తగ్గించి మళ్లీ చూడండి. ఓఎల్ఈడీ అయితే ముదురు బూడిద రంగు పేజీ ఒకటి తెరిచి, వెలుగు బాగా తగ్గించి, మచ్చలూ చారలూ ఉన్నాయేమో చూడండి.