పైపు పనిలో తొలి పాఠాలు: గాజువాకలో హెల్పర్ శిక్షణ

పదో తరగతితో చదువు ఆపేసిన మా తమ్ముణ్ణి గాజువాకలోని ఒక శిక్షణ కేంద్రంలో ప్లంబింగ్ హెల్పర్ కోర్సులో చేర్పించాను. అక్కడ పని నేర్పే తీరు నాకు మనస్ఫూర్తిగా నచ్చింది. సీపీవీసీ (నీళ్లకు వాడే గట్టి ప్లాస్టిక్) పైపును తిన్నగా కోసి, అంచు గరుకు తీసి, ఫిట్టింగులోకి (పైపులను కలిపే ముక్కలోకి) ఎంత లోతు దిగాలో పెన్సిలుతో గీత పెట్టుకుని, రెండింటికీ సాల్వెంట్ సిమెంటు అనే జిగురు పూసి, పావు వంతు తిప్పుతూ దూర్చి, సుమారు 30 సెకన్లు కదలకుండా పట్టుకోవడం దాకా ప్రతి కుర్రాడి చేతా చేయించారు. మురుగు పైపుకు 1:40 వాలు అంటే 4 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగడమని గోడ మీద లెవెల్ ట్యూబు (మట్టం చూసే నీళ్ల గొట్టం) పట్టి చూపించారు. మా వాడు ఇంట్లో కారుతున్న కుళాయికి టెఫ్లాన్ టేపును మర బిగిసే వైపుకే చుట్టి బిగించినప్పుడు ఆ శిక్షణ విలువ నాకు కళ్లారా కనిపించింది.

అయితే జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులకు మర కోసే డై సెట్టు ఒక్కటే ఉండడం పెద్ద లోటు. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పట్టే విశాఖలో, పాత భవనాల మరమ్మతుల్లో ఆ పని తరచూ తగులుతుంది. గోడ పూడ్చే ముందు పైపుల్లో ఒత్తిడి పెట్టి ఎక్కడైనా కారుతోందేమో చూసే ప్రెషర్ టెస్టును కూడా బోర్డు మీద బొమ్మ గీసి వివరించారే తప్ప చేయించలేదు. చేరేవారు ఈ రెండింటి గురించి ముందే అడిగి తెలుసుకోవాలి.