పోర్ట్రెయిట్లకు మొదటి ప్రైమ్ లెన్స్: 50 మేలా, 85 మేలా?

కొత్త బ్యాచ్ మొదలైతే చాలు, కొద్ది రోజుల్లోనే ఈ ప్రశ్న వస్తుంది. "సార్, కిట్ లెన్స్‌తోటి అయితలేదు. ఫిఫ్టీ తీస్కోవాల్నా, ఎయిటీ ఫైవ్ తీస్కోవాల్నా?" హనుమకొండలో పోర్ట్రెయిట్లు తీస్తూ, ఆదివారాలు పాఠాలు చెప్పే నాకు విడివిడిగా జవాబివ్వడం కష్టమవుతోంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఫిఫ్టీ, ఎయిటీ ఫైవ్ అంటే 50, 85 ఎంఎం ప్రైమ్ లెన్సులు, అంటే జూమ్ లేనివి. కిట్ లెన్స్ అంటే కెమెరాతో పాటు వచ్చే జూమ్. అపర్చర్, క్రాప్ సెన్సర్ సంగతులు మీకు తెలుసనుకునే మొదలుపెడతాను. నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి క్రాప్ బాడీలే (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్న కెమెరాలు), కాబట్టి లెక్కలన్నీ వాటికే.

85 వైపు నేర్చుకునే పిల్లల్ని లాగేది బ్లర్. వెనకాల ఉన్నది 85లో ఎక్కువ కరుగుతుంది, అందులో అనుమానం లేదు. కానీ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ముఖం ఫ్రేములో ఒకే సైజులో వచ్చేలా తీస్తే, f/1.8 అపర్చర్ దగ్గర షార్ప్‌గా ఉండే లోతు రెండు లెన్సుల్లోనూ దాదాపు సమానం. తల, భుజాల ఫొటోకి అది సుమారు 5 సెంటీమీటర్లు. తల కొంచెం తిప్పితే అవతలి కన్ను మెత్తబడే ప్రమాదం రెండింటికీ ఒకటే. తేడా అంతా వెనకున్న గోడ, చెట్టు, పందిరి దగ్గరే. మనిషిని గోడకు ఆనించకుండా నాలుగైదు అడుగులు ముందుకు జరిపితే 50లోనూ చూడముచ్చటైన బ్లర్ వస్తుంది.

నా లెక్కలో అసలు తేల్చేది దూరం. మీరెక్కడ నిలబడాలి, మీ ముందున్న మనిషికి ఎంత దూరంలో ఉండాలి అన్నదే.

1.5 క్రాప్ బాడీ మీద, కెమెరా నిలువుగా పట్టుకుని తల, భుజాలు తీయాలంటే 50తో నాలుగడుగుల పైచిలుకు దూరం చాలు. 85తో ఏడడుగులు కావాలి. నడుము దాకా రావాలంటే ఆరడుగులు ఒకదానికి, పదిన్నర ఇంకోదానికి. కాళ్ల దాకా కావాలంటే 50తో 14 అడుగులు, 85తో దాదాపు 24. కెనాన్ క్రాప్ సెన్సర్ ఇంకొంచెం చిన్నది, కాబట్టి వాళ్లకు దూరం ఇంకాస్త ఎక్కువ. దీనికి తోడు మీ ఒంటికి ఒక అడుగున్నర, ఆ మనిషికీ వెనక గోడకూ మధ్య వదిలిన జాగా కలపండి. మన ఇళ్లలో 10 బై 12 గది అంటే పెద్ద గదే. మంచం, బీరువా పోగా అందులో 85తో నడుము దాకా తీయడం కుదరని పని. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటికి వెళ్తే మగ్గానికీ గోడకూ మధ్య మీరు నిలబడటమే కష్టం.

జాగా ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు. మనం ఎక్కువగా తీసేది మోడళ్లను కాదు. చీరకట్టు ఫంక్షన్‌కి వచ్చిన నాయినమ్మను, యెనుమాముల మార్కెట్‌కి మిర్చి బస్తాలు తెచ్చిన రైతును, కెమెరా ముందు ఎలా కూర్చోవాలో ఎవరూ చెప్పని మనుషుల్ని. 50తో ఆరడుగుల దూరంలో ఉంటే "అవ్వా, ఈసారి పత్తి మంచిగొచ్చిందా?" అని మామూలు గొంతుతో అడగొచ్చు. ఆమె చెప్తూ ఉంటుంది, భుజాలు వాటంతట అవే దిగుతాయి, ఆ మాట ఆగిన క్షణంలో షట్టర్ నొక్కాలి. కొంగు మడత సరిచేయాలన్నా రెండడుగులు వేస్తే అందుతుంది. 85తో పదిన్నర అడుగుల నుంచి, అదీ ఫంక్షన్ హాల్ గోలలో, అదే మాట కేకేయాలి. ఆమె కూడా గొంతు పెంచుతుంది, మెడ నరాలు బిగుస్తాయి, గడ్డం పైకి లేస్తుంది. ఆ టెన్షన్ ముఖంలో కనిపిస్తుంది, ఎడిటింగ్‌లో పోదు. నేర్చుకునే మొదటి ఏడాది మాట్లాడటం అలవాటు కావాలి. 50 మిమ్మల్ని మనిషి దగ్గరికి నడిపిస్తుంది. నేను దాని వైపు మొగ్గడానికి ముఖ్య కారణం ఇదే.

ఇంకొకటి, మనిషితో పాటు ఆ మనిషి ఇల్లు కూడా. తెలంగాణ పల్లెల్ని, బతుకమ్మను ఏళ్ల తరబడి ఫొటోలు తీసిన మన వరంగల్ భరత్ భూషణ్ పని చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దర్వాజా, అరుగు, గోడ మీది రంగు కూడా మనిషి గురించి చెబుతాయి. 85తో అవి చాలాసార్లు ఫ్రేము బయటే ఉండిపోతాయి.

ఇక 85 గెలిచే చోట్లు. ముఖం మాత్రమే నిండుగా కావాలంటే 50తో రెండున్నర అడుగుల దగ్గరికి వెళ్లాలి. అంత దగ్గర నుంచి ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, ఎదుటివాళ్లకూ ఇబ్బందే. ఆ పనికి 85 ఎంతో మేలు. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడుతుంటే వలయంలోకి చొరబడలేం, చొరబడకూడదు కూడా. అక్కడా, పెళ్లి స్టేజీ కింద నుంచి తీసేటప్పుడూ, భద్రకాళి చెరువు కట్ట మీదా 85 హాయి. కానీ ఇంట్లో సాయంత్రం వెలుతురులో చేయి వణక్కుండా ఉండాలంటే 50కి షట్టర్ స్పీడ్ 1/80 సెకను దగ్గర ప్రయత్నించొచ్చు, 85కి 1/125 పైనే ఉండాలి. గోరింటాకు చేతులు దగ్గరగా తీయాలన్నా కెనాన్ 50 ఎస్‌టీఎం 35 సెంటీమీటర్ల దాకా ఫోకస్ చేస్తుంది, వాళ్ల పాత 85 f/1.8 అయితే 85 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

ఫుల్ ఫ్రేమ్ కొన్నవాళ్లకు మాత్రం నా జవాబు మారుతుంది. నడుము దాకా తీయడానికి ఫుల్ ఫ్రేమ్ మీద 85తో నిలబడే చోటు దాదాపు ఏడడుగులు, అంటే క్రాప్ మీద 50తో నిలబడే చోటుకు కాస్త వెనక అంతే. మీరు ఫుల్ ఫ్రేమ్ వాళ్లయితే 85 తీసుకోండి. నా పట్టింపు ఆ దూరం గురించే.

35 ఎంఎం లెన్స్ గురించి కూడా అడుగుతుంటారు. కుటుంబం గ్రూప్ ఫొటోలకు బాగుంటుంది, ఒక్క ముఖానికి వద్దు. 70-200 జూమ్ సంగతి పెళ్లిళ్ల ఆర్డర్లు పట్టాక చూసుకోవచ్చు. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ జుట్టు అంచుల దగ్గర ఇంకా తడబడుతూనే ఉంటుంది.

కొనేముందు ఒక పని చేయండి. మీ 18-55 కిట్ లెన్స్‌ని 50 దగ్గర పెట్టి, మీరు ఎక్కువగా తీసే గదిలో అమ్మనో చెల్లెనో కూర్చోబెట్టి నడుము దాకా ఫ్రేమ్ చేయండి. మీ ఇద్దరి మధ్య దూరం టేపుతో కొలిచి 1.7తో గుణించండి. 85తో మీరు నిలబడాల్సిన చోటు అది. అక్కడ గోడ అడ్డం వస్తే ఇప్పటికి 50 తీసుకుని, మిగిలిన డబ్బులో వెలుతురును ముఖం మీదికి తిప్పే రిఫ్లెక్టర్ ఒకటి కొనుక్కోండి. బయట తీసే ఆర్డర్లు పెరిగాక 85 సంగతి చూద్దాం.